అన్ని రింగులకూ చెల్లని వాక్యం

బోథ్, 12-8-2024

చి. నవీనకు అమ్మమ్మ ఆశీస్సులు. నువ్వు ఫోను ఎత్తడం లేదు కనుక కార్డు రాస్తున్నాను.

"అమ్మమ్మా, థీసిస్ మొత్తం ఖరాబైంది, సార్‌కు ఏం మొఖం చూపియ్యాలె" అని మొన్న ఏడ్చి ఫోను పెట్టేశావు. నీ గదిలో ఉండే కోమలను అడిగితే "తింటలేదు టీచరమ్మా, కాయితాలు చింపుతున్నది" అన్నది.

ఏ రింగు మీదైనా, అంటే కూడికా గుణకారమూ నడిచే ఏ సంఖ్యా లోకంలోనైనా, ఫ్లాట్ అనే గుణమున్న మాడ్యూళ్లన్నిటికీ ప్రొజెక్టివ్ అనే ఇంకా గట్టి గుణమూ ఉంటుందని రాశానన్నావు. తప్పే. పూర్ణాంకాల మీద అకరణీయ సంఖ్యలు ఫ్లాటే గానీ ప్రొజెక్టివ్ కావని పోయిన దసరాకు నాకు బోధించింది నువ్వే. పర్ఫెక్ట్ రింగులనే కొన్ని ప్రత్యేకమైన రింగుల మీద మాత్రం ఆ మాట నిజమనీ నువ్వే చెప్పావు. మరి అక్కడైనా నీ సిద్ధాంతం నిలవదా? లెక్క తప్పితే నా క్లాసులో ఎవరినైనా పేజీ చింపనిచ్చానా?

మామిడి తొక్కులో తడి చెంచా పెట్టలేదు కదా?

ఇక చేయవలసినవి:
1. ముందు అన్నం తిను.
2. తప్పు వాక్యం మీద ఒక్క గీత గీసి, పైన "రింగు పర్ఫెక్ట్ అయితే" అని రాసి, రుజువు మళ్లీ చూడు.
3. సార్‌కు తప్పు నువ్వే చెప్పు.
4. అప్పటికీ నిలవకపోతే బోథ్ బస్సెక్కు. మిగిలిన కాయితాలు తెచ్చి వరుస వరుసా చదువు. నాకు సగమే అర్థమైనా వింటాను.