తిరుగు టపాలో వచ్చిన రైఫిల్

ఎల్క్ ఫోర్డ్ పోస్టాఫీసు గుమాస్తా గారికి, కొండవాలు నుంచి సోల్విగ్ టాల్‌బెర్గ్ నమస్కారాలు.

మా నాన్నగారి వేట రైఫిల్‌ని బిల్లింగ్స్ పట్నంలో లైసెన్సున్న డూఫెక్ తుపాకుల కొట్టుకి మరమ్మతుకు పంపుతూ, సోమవారం టపా బండికి పొడుగాటి పెట్టె ఇచ్చాను. అందులో తూటాలు లేవు. మరమ్మతుకు రైఫిల్ పంపవచ్చని మీ నిబంధనల్లోనే ఉందని డూఫెక్ చెప్పాడు. అయినా పెట్టె వెనక్కి వచ్చింది. మీద ఎర్రసిరాతో "వీల్లేదు" అని ఉంది. ఎందుకు వీల్లేదో రాయడానికి సిరా చాల్లేదా? మళ్ళీ పంపుతున్నాను.

ఇట్లు,
సోల్విగ్ టాల్‌బెర్గ్

తా.క.: తొందర ఎందుకంటే, నాతో ఉండే మా తమ్ముడు హాల్వర్ మందకి జబ్బు సోకిందని మార్చిలో ప్రభుత్వం వాళ్ళు నూట నలభై పశువుల్నీ చంపించేశారు. అప్పట్నుంచీ వాడు సరిగ్గా తినడు, మాట్లాడడు. ఆ తుపాకి ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టడం లేదు.

*

శ్రీమతి టాల్‌బెర్గ్ గారికి,

తుపాకులు టపాలో పంపడం నిషిద్ధం. మీ క్షేమం కోరి పెట్టెను భద్రంగా మీ ఇంటికే చేరుస్తున్నాం.

భవదీయుడు,
వెండెల్ ప్రూయిట్, గుమాస్తా

తా.క.: మీకు నిద్ర పట్టనందుకు విచారిస్తున్నాం. పడుకోబోయే ముందు గోరువెచ్చని పాలు తాగితే మంచిదని మా ఆవిడ అంటుంది.

*

ప్రూయిట్ గారికి,

పాలు తాగమన్నారు, బాగుంది. ఆవుల్ని చంపేశాక పాలు మీ పోస్టాఫీసులో అమ్ముతున్నారా?

మీరు భద్రంగా చేర్చిన పెట్టెను, నేను కోళ్ళ దగ్గర ఉండగా, హాల్వర్ సంతకం పెట్టి తీసుకున్నాడు. "ఇదేంటక్కా?" అన్నాడు. "గురి వంకరపోయిందిరా, మరమ్మతుకి పంపా" అన్నాను. "బాగానే ఉందిగా" అని గోడకి తగిలించేశాడు. ఆ మధ్యాహ్నం వాడు చాలా రోజుల తర్వాత ఈల వేశాడు. ఆ ఈల విన్నాక రాత్రంతా ఆ గోడ దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

నిషిద్ధం పిస్తోళ్ళకి, రైఫిళ్ళకి కాదు. దయచేసి పుస్తకం తీసి చూడండి. నాకు కళ్ళు సరిగ్గా ఆనవు, బండి నడపలేను. ఎవరి చేతికైనా ఇచ్చి పంపితే ఆదివారానికి చర్చి అంతా తెలిసిపోతుంది, వాడు తలెత్తుకోలేడు. మీకు ఫోన్ చేద్దామన్నా మా లైను నాలుగిళ్ళకీ ఒకటే, ఎత్తినవాళ్ళందరికీ వినబడుతుంది. నాకున్నది మీ టపా ఒక్కటే.

ఇట్లు,
సోల్విగ్ టాల్‌బెర్గ్

తా.క.: నేను శ్రీమతిని కాను. డెబ్భై ఒక్కేళ్ళు వచ్చాయి, ఇక అయ్యే ఉద్దేశమూ లేదు.

*

కుమారి టాల్‌బెర్గ్ గారికి,

పై అధికారిని అడిగాం. మరమ్మతుకైతే రైఫిల్ పంపవచ్చునట. అయితే మీ రైఫిల్ బాగానే ఉందని మీ తమ్ముడు గారు అన్నట్టు మీరే రాశారు. బాగున్న తుపాకి మరమ్మతు కిందికి రాదు. కాబట్టి పంపడానికి వీల్లేదు.

భవదీయుడు,
వెండెల్ ప్రూయిట్

తా.క.: తమ్ముడు గారు ఈల వేస్తున్నారంటే కోలుకుంటున్నట్టే. సంతోషం.

*

నాయనా వెండెల్,

సుత్తి తీసుకుని కొట్టాను. గురి చూసే ముల్లు విరిగింది. ఇప్పుడది మరమ్మతు కిందికి వస్తుంది కదా! ఈ ఉత్తరంతో పాటే పెట్టె కూడా ఇస్తున్నాను.

ఇక దాచేదేముంది. మొన్న హాల్వర్ తన కుక్కని పక్కవాళ్ళకి ఇచ్చేశాడు. ఎందుకురా అంటే, "నేను లేకపోతే దానికి తిండి ఎవరు పెడతారు?" అన్నాడు. ఎక్కడికి పోతావురా అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. తూటాలన్నీ వాగులో పడేశాను. కానీ సరుకుల కొట్లో ఇంకో డబ్బా తూటాలు కొనడానికి ఎంతసేపు? నాకు మిగిలింది వాడొక్కడే. నీ కాళ్ళు పట్టుకుంటాను, దాన్ని మా ఇంటికి మాత్రం పంపకు.

సోల్విగ్

తా.క.: ఒక దెబ్బ నా బొటనవేలికి తగిలింది. దాన్ని మరమ్మతుకు పంపాలంటే ఏ కాగితం కావాలో చెప్పు.

*

అమ్మా,

మీ పెట్టె పొద్దున్నే వచ్చింది. మీ ఉత్తరం మాత్రం సంచి అడుగున పడి మధ్యాహ్నానికి గాని నా చేతికి రాలేదు. ఈలోగా పెట్టె తెరిచి చూశాను. విరిగిన తుపాకి ప్రమాదకరమైన వస్తువు కదా అని తిరుగు బండిలో మీ ఇంటికే పంపేశాను.

ఇప్పుడు పుస్తకం తీశాను. నేను ఇన్నాళ్ళూ చదివింది పిస్తోళ్ళ పేజీ. రైఫిళ్ళ సంగతి దాని వెనకే ఉంది. నేను ఆ పేజీ తిప్పనేలేదు. మీ ఇంటికి ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. ఈ ఉత్తరం టపాలో వెయ్యను. నేనే కారులో తెస్తున్నాను. మీరు కనబడకపోతే తలుపు సందులో పెడతాను. దయచేసి కనబడండి.

వెండెల్

*

వెండెల్ ప్రూయిట్ గారికి హాల్వర్ టాల్‌బెర్గ్ రాసేది.

తలుపు సందులో మీ ఉత్తరం చూశాం. ఇంటి చుట్టూ మంచులో మీ అడుగులు కూడా చూశాం. పాపం, కోళ్ళ గూటిలోకి కూడా తొంగి చూసినట్టున్నారు.

రెండోసారి పెట్టె వెనక్కి వచ్చినప్పుడు సంతకం పెట్టింది నేనే. నిజం చెప్తాను, ఆ రోజు నాకు సంతోషమేసింది. మూడోసారీ నేనే పెట్టాను. అక్క వాగు దగ్గరుంది. పెట్టె విప్పాను.

ఆ తుపాకికి ఆదివారం ఆదివారం నూనె రాసేది అక్కే. నాన్న పోయాక దానిమీద గీత కూడా పడనివ్వలేదు. దాన్ని సుత్తితో కొట్టేసింది. పెట్టె నిండా మీ ఎర్రసిరా. పక్కనే అక్క వంకర రాతలో మరమ్మతు, మరమ్మతు, మరమ్మతు అని మూడు చోట్ల ఉంది. మెట్లమీద కూలబడి ఏడ్చాను. మార్చి తర్వాత ఏడవడం అదే మొదలు.

అక్క వచ్చింది. "నీకెప్పట్నించి తెలుసే?" అన్నాను. "నీకంటే ముందే తెలుసురా" అంది. అప్పటికప్పుడు బిల్లింగ్స్‌కి బండెక్కాం. నూరు మైళ్ళూ పెట్టె ఒళ్ళోనే పెట్టుకుంది, నన్ను ముట్టనివ్వలేదు. తుపాకి డూఫెక్‌కి అప్పగించి, అక్కడి నుంచి నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన వారం వారం రమ్మన్నాడు. వెళ్తున్నాను. కొన్ని రోజులు బాగుంటోంది, కొన్ని రోజులు లేదు. కుక్కని తెచ్చుకున్నాను.

ఇట్లు,
హాల్వర్

తా.క.: డూఫెక్ పెద్దమనిషి. తుపాకి బాగుచేసి, నిబంధనల ప్రకారమే టపాలో మా ఇంటికి పంపిస్తానంటున్నాడు. మీ దగ్గరికొస్తే ఎర్రసిరాతో "వీల్లేదు" అని రాసి వెనక్కి పంపెయ్యండి.