తెగులున్న గులాబీ

మణికొండ,
ఆదివారం

నాన్నగారికి దీవెన వందనాలు. ప్రభువు దయవల్ల నేనూ, మీ అల్లుడూ, బుజ్జీ కులాసా. ఫోనులో మీకు మాట సరిగా వినపడటం లేదని ఇలా రాస్తున్నాను.

మన కడియం నర్సరీ నుంచి తెచ్చుకున్న నూరువరహాల మొక్క ఎలా ఉందని అడిగారు. బాల్కనీలోకి ఎండ సరిగా రాదు, అయినా ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. కత్తిరించినచోటల్లా చిగురు వేస్తోంది. మొండిది, నాలాగే.

ఉద్యోగం సంగతీ అడిగారు. పోయింది నాన్నగారూ. ఇన్నాళ్లూ దాచాను. నేను రాత్రింబవళ్లు కూర్చుని చేసిన పనిని మా టీమ్ లీడ్ అవినాష్ తన పేరున పైవాళ్లకు చూపించి మేనేజరయ్యాడు. ఉద్యోగంలోంచి తీసేయడానికి పేర్లు అడిగితే మొదట నా పేరే ఇచ్చాడు. "నీకేంది దీవెనా, ఫికర్ చెయ్యకు, యాడనన్న దొరుకుతది" అన్నాడు నవ్వుతూ. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. బూడిద తెగులుకు సొంత పచ్చదనం ఉండదు, పట్టిన ఆకును పీల్చి బతుకుతుందని మీరు చెప్పేవారు. అచ్చం ఇతనే.

ఇక అసలు సంగతి. తెల్లాపూర్‌లో కొత్త విల్లా గృహప్రవేశానికి సిగ్గులేకుండా నన్నూ పిలిచాడు. వెళ్లాను. ఇల్లు పూర్తికాకముందే వరసగా నాటించుకుని, చూసి మురిసిపోయే గులాబీలు ఉన్నాయి అతనికి. వాటి మధ్య పెట్టమని ఒక గులాబీ కుండీ ఇచ్చాను. ఆకుల కింద బూడిద తెగులు ఉందని తెలిసే ఇచ్చాను. ఆ తెగులు గులాబీకే పడుతుంది, నూరువరహాలను ముట్టదు. అందుకే మా బాల్కనీలోనే నిశ్చింతగా ముదరనిచ్చాను. జబ్బు మొక్క నర్సరీ గేటు దాటకూడదన్న మీ మాట గుర్తుండే చేశాను. కొంచెం కూడా బాధ లేదు.

నిన్న అతని భార్య ప్రియాంక ఫోన్ చేసింది. "అక్కా, మొగ్గలన్నీ ముడుసుకపోయినయ్. మా ఆయన మస్తు పరేషాన్ అయితున్నడు. వచ్చే వారం రాజమండ్రిల పెండ్లున్నది, అట్లనే మీ నాయనకు ఆకు సూపిస్తం" అంది. ఆ పూట అన్నం రుచిగా తిన్నాను.

మీరు ఆకు చూడగానే గుర్తుపడతారు. మీచేత అబద్ధం ఆడించను. గంధకం మందు ఇవ్వండి, ప్రియాంక తప్పేమీ లేదు. కానీ ఇది ఎక్కడి నుంచి వచ్చిందని అతను అడుగుతాడు. మా అమ్మాయే కావాలని పంపిందని చెప్పండి. మీకు నోరు రాకపోతే ఈ ఉత్తరం అతని చేతిలో పెట్టండి.

ఇట్లు,
మీ కూతురు
దీవెన