వెనక వరుస జాడీలు

బహదూర్‌పురా, శనివారం, మార్చి 1955

ఈ రోజు ఊరగాయ జాడీలకు మెరుపు పట్టేందుకు మండే బట్టీలో ఉప్పు చల్లాం. ముందు వరుసలో పెట్టిన నమూనా మట్టి ఉంగరాన్ని ఇనుప కడ్డీతో బయటికి తీస్తే, నారింజ తొక్కలా మెరిసింది. ఇక చాలన్నాను.

“వెనక ఉంగరం గూడ తీసి చూడన్నా. జాడీలు మస్తు దగ్గర పేర్చినం,” అన్నాడు మంటేసే యూసుఫ్. విసుక్కుని, బట్టీ కంతలన్నీ ఇటుకలతో మూయించాను.

వెనక్కి ఉప్పు ఆవిరి చేరకపోతే? మెరుపు పట్టని జాడీలోంచి నూనె చెమరుస్తుంది. బట్టీ చల్లారేదాకా తెరవలేను. తెరిచిన రోజే జాడీలు తీసుకెళ్లే బజారు బండి వస్తుంది.

రాత్రి అన్నం పెడుతూ మా ఆవిడ అడిగింది: “మామిడికాయ తొక్కుకు మనకొక జాడీ తెస్తరా?”

“ముందు వరుసలదే తెస్త.”

“మరి వెనకయి ఎవరింటికి పోతయి?”