తలుపు కొట్టే ముంగిస

జూలై 6
ఎవరో తలుపు కొట్టారు. అక్కేమోనని, వ్యాక్స్ అంటిన చేతులతోనే పరుగెత్తాను. మనుషులెవరూ లేరు. ఒక ముంగిస కుండీ వెనక్కి దూరింది. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. మెల్లగా వచ్చింది. ఒక నత్తని ముందుకాళ్ళతో పట్టుకుని, తలుపుకి వీపు తిప్పి, వెనక కాళ్ళ సందులోంచి విసిరింది. టక్. పెంకు పగల్లేదు. మళ్ళీ విసిరింది.

జూలై 7
అక్క నాతో మాట్లాడి ఎనిమిది నెలలు.
నేను కట్టుడు పళ్ళు చేస్తాను. అమ్మ సెట్ కూడా నేనే చేశాను. అమ్మ పోయిన రోజు దాన్ని తీసి జేబులో వేసుకున్నాను. అమ్మ నవ్వు అందులోనే ఉంది మరి, ఎలా వదిలేస్తాను? అమ్మని బోసినోటితో సాగనంపావని అక్క అందరి ముందూ అరిచింది. నా నంబర్ బ్లాక్ చేసింది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేనూ తక్కువ తినలేదు, వాళ్ళింటి గడప తొక్కలేదు. వస్తే తనే రావాలి.
అందుకే ప్రతి టక్‌కీ లేస్తున్నాను.

జూలై 11
నాలుగుసార్లు లేచాను. నాలుగుసార్లూ ముంగిసే.

జూలై 15
ఓనరమ్మ బోను పెట్టిద్దామంటోంది. వద్దండీ, అదుంటే పాములు రావు అన్నాను. అసలు సంగతి చెప్పడానికి సిగ్గేసింది. ఈ పెరటి గది తలుపు కొట్టే ప్రాణి అదొక్కటే.

జూలై 19
అర్జంట్ ఆర్డర్. పాలిషింగ్ మధ్యలో టక్, టక్. లేవలేదు. నీ కోసం ఇక లేవను, పో అని గట్టిగా అరిచాను. ఠక్కున ఆగిపోయింది. మాట వింటోందే! చాలా రోజులకి నవ్వాను.

జూలై 20
నిన్న మీ అక్కయ్య అంత దూరం నుంచి వస్తే అలా తరిమేశారేంటండీ అని ఓనరమ్మ అడిగింది. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయిందట.
తమ్ముడూ అని ఒక్కసారి పిలవొచ్చుగా! పిలవదు. అక్క కదా.
ఇవాళ పని ముట్టుకోలేదు. అన్నం కూడా.

జూలై 21
అక్క వాళ్ళ గుమ్మం ముందు, మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను. జేబులో అమ్మ సెట్ ఉంది. లోపల ఫ్యాన్ తిరుగుతోంది. తలుపు తియ్యడం లేదు.
ఒక్క దెబ్బకి పగల్లేదని ముంగిస నత్తని వదిలేసి పోవడం నేనెప్పుడూ చూడలేదు.
మళ్ళీ కొడతాను.