చెరిపించి రాయించిన పలక

యర్రగొండపాలెం,
జనవరి 19.

పలకలకు చట్రాలు బిగించే మా నాయనకు, హాస్టల్ నుంచి నీ కేథరిన్ వందనాలు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నిన్న ఆ విదేశీ యూనివర్సిటీ ఇంటర్వ్యూ అయిపోయింది. ఫోన్‌లో చెబుదామంటే వార్డెనమ్మ పక్కనే నిలబడి ఉంటుంది. పైగా చెప్పాల్సింది ఇంటర్వ్యూ గురించి మాత్రమే కాదు. ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించే ముందు నువ్వొక్కడివే ఒకసారి చదువుకో.

ప్రిన్సిపాల్ గారి గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. తెర మీద అవతల, ఆ యూనివర్సిటీలోనే చదివి ఇప్పుడు సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్న ఒకావిడ. మా గోపాలకృష్ణ సారు నెల రోజులు నాచేత యాభై ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టించారు కదా, ఆవిడ అందులో ఒక్కటీ అడగలేదు. పలక రాయి ఎంత లోతులో దొరుకుతుంది, పొరలు ఎలా విడదీస్తారు, పగిలినవి ఏం చేస్తారు, ఇవీ ఆవిడ అడిగినవి. సీటు ఇచ్చేవాళ్ళకు రాళ్ళతో పనేమిటా అని నాకు ఒకటే ఆశ్చర్యం. చెబుతూ చెబుతూ నాకూ హుషారొచ్చింది. "పగిలినవి మా నాయన ఇంటికి తెస్తాడు, వాటి మీదే నాకు అక్షరాలు నేర్పించాడు" అని గబుక్కున అనేశాను. ఆవిడ ఆగి, చేతిలో కాగితం చూసుకుని, "మీ నాన్నకు చదవడం రాదని రాశావు కదా?" అన్నారు.

నాయనా, నీ దగ్గర దాచింది ఇదే. దరఖాస్తుతో పాటు నా గురించి ఒక వ్యాసం పంపాలి. నువ్వు ఆదివారం చర్చిలో నిలబడి బైబిల్ వాక్యం చదువుతావని నేను రాశాను. సారు అది కొట్టేసి, తండ్రి నిరక్షరాస్యుడు అని పెట్టారు. "వాళ్ళకు మన కష్టం కనపడాలమ్మా, ఇట్ల ఉంటేనే పిలుస్తారు" అన్నారు. నేను చూశాను. చూసి కూడా పంపమన్నాను. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చిందని నువ్వు చర్చిలో అందరికీ చెప్పుకుని మురిసిపోతుంటే నాకు అన్నం సయించలేదు.

ఆవిడ అలా అడగ్గానే లేచి నిలబడ్డాను. సాక్ష్యం చెప్పాలంటే మనకు కూర్చుంటే నోరు రాదు కదా. చర్చిలో చెప్పినట్టే చేతులు కట్టుకుని, చేసిన తప్పు మొదటి నుంచీ చెప్పాను. పంపమన్నది నేనేననీ, సారు మీదకు నెట్టడం లేదనీ కూడా చెప్పాను. అంతా అయ్యాక ఆవిడ, "కేథరిన్, అయిదు నిమిషాలుగా నాకు నీ చున్నీ పిన్ను తప్ప ఏమీ కనిపించడం లేదు, కూర్చుంటావా?" అన్నారు. సిగ్గుతో చచ్చాను. తర్వాత, "విన్నది విన్నట్టు యూనివర్సిటీకి రాసి పంపుతాను. అది నీకు మేలు చేస్తుందో కీడు చేస్తుందో నాకూ తెలియదు" అన్నారు. చివర్లో నన్నేమైనా అడుగుతావా అంటే, "మీకు చదవడం ఎవరు నేర్పించారు?" అన్నాను. ఆవిడ, "గుర్తు లేదు. ఇవాళ మా అమ్మను అడుగుతాను" అన్నారు.

సారు నాతో మాట్లాడటం లేదు. ఫలితం మార్చి నెలాఖరుకు వస్తుంది. సీటు పోతే పోనీ అని రాయబోయాను కానీ అది అబద్ధం, నాకు ఆ చదువు చాలా కావాలి. అంతకంటే ముందు నీకు నా మీద కోపం ఉందో లేదో తెలియాలి.

నీ చదువును లేకుండా చేసిన
కేథరిన్

*

మార్కాపురం,
ఫిబ్రవరి 2.

అమ్మా కేథరిన్, నీకు నాయన దీవెనలు.

నీ ఉత్తరం పలకల కంపెనీలో అన్నం తిన్నాక ఒక్కణ్ణే కూర్చుని చదివినా. రెండుసార్లు చదివినా. నాకు ఏ కోపం లేదు. నువ్వు లేచి నిలబడి సాక్ష్యం చెప్పినావంటే నవ్వొచ్చింది. మీ అమ్మకు చెప్తే ఆమె నవ్వలేదు, ఏడ్చింది.

అయితే ఆ ఇంటర్వ్యూ అమ్మకు నువ్వు చెప్పిన దాంట్లో ఇంకొక తప్పుంది తల్లీ. నీకు నేను అక్షరాలు నేర్పలేదు. నువ్వు ఒకటో తరగతిలో చేరిననాడు నాకు ఒక్క అక్షరం రాదు. దినమంతా పలకలకు చట్రాలు బిగించేవాణ్ణి, ఒక్కదాని మీద నా పేరు రాసుకోలేకపోయినా. సాయంత్రం బళ్ళో చెప్పిన పాఠం నువ్వు పగిలిన పలక మీద రాస్తా ఉంటే పక్కన కూర్చునేవాణ్ణి. "తప్పు, చెరిపి మళ్ళా రాయి" అని గద్దించేవాణ్ణి, గుర్తుందా? తప్పో ఒప్పో నాకేం తెలుసు? నీ చెయ్యి ఎట్ల తిరుగుతుందో ఇంకోసారి చూద్దామని అట్ల అనేవాణ్ణి. నువ్వు ఏడుస్తానే మళ్ళా రాసేదానివి. తెల్లారి నువ్వు లేవకముందు అదే పలక మీద నేను దిద్దుకునేవాణ్ణి. చర్చిలో వాక్యం చదవమని నన్ను పిలిచేటప్పటికి నువ్వు నాలుగో తరగతి.

మా నాయనే నేర్పించినాడని నువ్వు అందరికీ చెప్పుకుంటా ఉంటే కాదనడానికి నోరు రాలేదు. నువ్వు దాచింది మూడు నెలలు, నేను దాచింది పన్నెండేండ్లు. మీ సారు రాసింది కూడా ఒకప్పుడు నిజమే, ఆయన మీద కోపం పెట్టుకోవాకు.

ఆ అమ్మకు ఇంకొక ఉత్తరం రాయి. మా నాయనకు చదువు నేనే నేర్పించినా, తెలియకుండానే నేర్పించినా అని రాయి. సీటు ఇస్తారో ఇవ్వరో వాళ్ళ ఇష్టం, ఉన్నది ఉన్నట్టు పోవాల. ఆమె వాళ్ళ అమ్మను అడిగితే ఏం చెప్పిందో కూడా కనుక్కో, నాకు తెలుసుకోవాలని ఉంది.

ఇప్పటిదాకా సంతకాలే గాని ఉత్తరం రాసింది లేదు. ఇదే మొదటిది. రెండు దినాలు పట్టింది. తప్పులుంటే చెరిపించి మళ్ళా రాయించు.

నీ దగ్గర చదువుకున్న
ఇశ్రాయేలు