కుంటి చిరుత సంతకం

అమ్మా, నేను బాగానే ఉన్నాను, ఒళ్ళే మండిపోతోంది. వారం రోజులు కాళ్ళరిగేలా అడవంతా తిరిగి జంతువుల లెక్క రాసుకొచ్చాను. మా రేంజరు దాన్ని పక్కన పడేసి, నిరుటి లెక్కనే తేదీ మార్చి దించేశాడు. మొన్న వేసవిలో చచ్చిపోతే నేనే కట్టెలు పేర్చి తగలబెట్టిన కుంటి చిరుత కూడా అందులో బతికే ఉంది!

“సంతకం పెట్టవోయ్, అదొచ్చి కాదంటుందా?” అన్నాడు.

“అయితే దానిచేతే పెట్టించుకోండి సార్” అన్నాను.

రేపటి నుంచి నాకు అడవి లేదట, సందర్శకుల గేటు దగ్గర టికెట్లు చింపాలట. చింపుతాను గానీ ఆ సంతకం మాత్రం పెట్టను.

నాన్న దగ్గు తగ్గిందా? నా గొడుగు పంపించు, గేటు దగ్గర నీడ లేదు. మీ ఇద్దరికీ దండాలు. ఇది చదివి చెల్లిని ఈ ఉద్యోగం పరీక్ష మానమనకండి. చచ్చినదాన్ని చచ్చిందని రాసే మనిషి ఇక్కడ ఇంకొకరు కావాలి.