రెండవ పుట ఎక్కించవద్దని

కార్మిక ఫిర్యాదుల అధికారి గారికి,

బ్యాటరీల ఫ్యాక్టరీ గేటు ఎదుట ఫోన్లు బాగుచేసుకొని బ్రతుకువాడు వ్రాసుకొన్న మనవి.

విషయం: నా పాత అర్జీకి జతచేసిన పేర్ల జాబితాలో రెండవ పుటను తమ కార్యాలయపు వెబ్‌సైటులో ఎక్కించకుండా ఆపుట, మొదటి పుటను తొలగించుట గురించి.

అయ్యా,

1. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించు ఈ ఫ్యాక్టరీ పనివారు కంపెనీ క్వార్టర్సులోనే కాపురముందురు. నలభై గదులకు ఒకటే వైఫై. అది కంపెనీవారిది, ఉచితం. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసుకోవచ్చునని తమ కార్యాలయం వెబ్‌సైటులో ఒక పేజీ పెట్టి, గేటు పక్క గోడకు నోటీసు అంటించినది. అది నమ్మి, మేము పెద్దన్న అని పిలిచే కొలిమి పనివాడు నాలుగు ముక్కలు వ్రాశాడు. మూతిగుడ్డలు ఇవ్వడం లేదని, రక్తపరీక్ష కాగితాలు దాచిపెడుతున్నారని, మూడో కొలిమి దగ్గర రెండు షిఫ్టులూ తానొక్కడే నిలబడుతున్నానని. మరునాడు పొద్దున గేటు దగ్గర సూపర్‌వైజరు ఆ నాలుగు ముక్కలూ పొల్లుపోకుండా చదివి, "రాత బాగానే ఉంది పెద్దన్నా. ఇక ఇంట్లో కూచుని రాసుకో" అన్నాడు. తమ కార్యాలయం వారు ఇంకా తెరవని ఫిర్యాదును ఆయన చదివేశాడు.

2. ఇందుకు కారణం తమ పేజీకి తాళం లేకపోవుట. పైన చిరునామా పక్కన తాళం గుర్తున్న పేజీలో మనం కొట్టిన మాటలు మూట కట్టినట్టు పోతాయి. తాళం లేని పేజీలో వైఫై ఎవరిదైతే వారు చదువుకోవచ్చు. ఈ సంగతి నాకు చెప్పినది డిజిటల్ హక్కుల సంఘంలో పనిచేసే అమ్మాయి. చార్జింగ్ పిన్ను మార్పించుకోవడానికి నా దుకాణానికి వచ్చింది. నేను నమ్మలేదు. నా వైఫై మీదే ఫోన్లో తమ పేజీ తెరచి "నాకు పంటినొప్పి" అని వ్రాసి పంపాను. అదే వైఫైకి కలిపిన ఆమె ల్యాప్‌టాప్ మీద అదే మాట వచ్చి నిలిచింది. నా భార్య చూసి, "ఇంట్లో చెప్పకుండా ఆఫీసరుకి చెప్పుకుంటున్నావా పంటినొప్పి" అంది. ఆ ఫిర్యాదు నేటికీ తమ వద్ద పరిశీలనలో ఉన్నట్లు చూపుచున్నది.

3. ఆ పిమ్మట ఆ అమ్మాయి చూపిన ఒక యాప్‌ను పదిహేడుమంది పనివారి ఫోన్లలో నేనే వేసితిని. దానితో ఫోన్లోంచి పోయేదంతా మూసిన గొట్టంలో పోయినట్టు పోతుంది. వైఫై యజమానికి గొట్టం ఉందని తెలుస్తుంది గాని, లోపల ఏముందో తెలియదు. పనివారు దానికి గొట్టం అనే పేరు పెట్టుకున్నారు. గొట్టంలో ఏడు ఫిర్యాదులు తమకు చేరినవి. తమ ఇన్‌స్పెక్టరు గారు వచ్చి చూసి వెళ్లాక మూతిగుడ్డలు ఇచ్చారు. అది తమ మేలు, మరువలేదు.

4. గొట్టం ఎవరి ఫోన్లో ఉన్నదని తెలిసినా ఆనాడే పని నుంచి తీసివేస్తామని కంపెనీవారు బోర్డు పెట్టిరి. వైఫై నలభై గదులకూ ఒకటే, ఫ్యాక్టరీ లోపలికి ఫోన్లు తేనివ్వరు కాబట్టి ఎవరి దగ్గర ఉందో వారికి తెలియలేదు. పేజీకి తాళం వేయించమనీ, సొంత ఫోన్లో గొట్టం ఉంచుకోవడం పనివారి హక్కని ఒక కాగితం ఇప్పించమనీ అప్పుడు నేను తమకు మొదటి అర్జీ పెట్టుకొంటిని.

టపా గుమస్తా గారు తీసుకోలేదు. "పదిహేడుమంది అంటున్నావు, ఏరీ? పేర్లు లేని అర్జీ చెల్లదయ్యా" అన్నారు.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. "అన్నా, పేర్లు మాత్రం ఇవ్వకు. లెక్క చెప్పు, చాలు" అంది.

ఆమె చిన్నపిల్ల, ఆఫీసు పద్ధతులు తెలియవనుకున్నాను. అర్జీ అంటే కింద సంతకాలు ఉండాలని నాకు బడిలో నేర్పారు. స్కేలు పెట్టి గీతలు గీసి, పేరు, పని, ఫోన్ నంబరు వరుసగా వ్రాసి, గది గదికీ తిరిగి సంతకాలు పెట్టించితిని. తప్పు ఎవరిదని తమరు విచారించనవసరం లేదు.

5. తమ కార్యాలయమునకు వచ్చిన ప్రతి అర్జీని ప్రజలు చూచుటకు వెబ్‌సైటులో ఉంచవలెనను నియమం కలదట. ఆ ప్రకారం నా అర్జీ, దానితో జాబితా మొదటి పుట ఎక్కించబడినవి. నాలుగు రోజుల తరువాత సూపర్‌వైజరు ఆ పుటను, మీదపడిన తమ ముద్రతో సహా, గేటు దగ్గర పట్టుకుని పదహారు పేర్లు చదివాడు. వరుస తప్పలేదు, నా రాత స్పష్టంగా ఉంటుంది. సాయంత్రానికి పదహారు గదుల సామాను రోడ్డు మీద ఉంది. ఒకామె పొయ్యి మోసుకుంటూ నా దుకాణం ముందు ఆగి, "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయంట నాయనా, సూపర్‌వైజరు మెచ్చుకున్నాడు" అని వెళ్లిపోయింది.

6. తమ పేజీకి తాళం పడినది. పోయిన వారమే చూచితిని, కృతజ్ఞుడను. ఇప్పుడా పదహారు పేర్లు దారిలో మరెవరి కంటా పడకుండా, అడిగినవారి తెర మీదకు భద్రంగా చేరుచున్నవి.

7. ఇక రెండవ పుట. అందులో ఒక్కటే పేరు, అది మా అక్కది. ఆమె బ్యాటరీల పెంకులు కడిగే చోట పని. నేను సంతకాలకు వెళ్లిననాడు మా బావకు మందు వేసి ఆఖరున వచ్చింది. అప్పటికి పదహారు గీతలూ నిండిపోయాయి.

"దీంట్లో పెడితే ఏమౌతుందిరా?"

"ఏం కాదక్కా. ఆఫీసు కాగితం."

"ఒక్క పేరుకి ఇంకో కాగితం దండగ. పక్కన ఖాళీలో రాసెయ్."

ఖాళీలో ఇరికిస్తే బాగుండదని నేనే ఇంకో కాగితం తీశాను. అక్క ఇంకా పనిలో ఉన్నదంటే ఆ కాగితం వల్లనే.

మా బావ ఆ కొలిమి దగ్గరే పదకొండేళ్లు చేశాడు. ఒంట్లో సీసం పేరుకుని చేతులు మణికట్టు దగ్గర వేలాడిపోయాయి, గ్లాసు పట్టుకోలేడు. కంపెనీ ఆసుపత్రిలో సూదులు వేస్తున్నారు. మొత్తం పది సూదుల్లో నాలుగు అయ్యాయి. ఇంట్లో ఒకరు పనిలో ఉన్నంతకాలమే ఆ వైద్యం. అక్క పని పోయిన రోజునే గదీ పోతుంది, సూదీ పోతుంది.

8. జాబితా తీసివేయుడని మొన్న తమ కార్యాలయమునకు వచ్చి టపా గుమస్తా గారితో చెప్పుకొంటిని. వారు కంప్యూటరులో చూసి, "అరే, ఒక పుటే ఎక్కింది. రెండోది మరిచిపోయారు. నువ్వు చెప్పడం మంచిదైంది, ఎక్కించేస్తాం" అన్నారు. వద్దు బాబూ అన్నాను. "వద్దంటావేమయ్యా, సగం ఎక్కిస్తే మాకు మాట వస్తుంది" అన్నారు. వారు మంచివారే. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చారు.

కావున ప్రార్థించునది ఏమనగా, రెండవ పుటను ఆపి నాకు తిరిగి ఇప్పించవలెను. మొదటి పుటను తీసివేయించవలెను. ఈ అర్జీలోనూ అక్క సంగతి వ్రాశాను కాబట్టి దీనిని టపా గదిలో ఇవ్వను. తమరు కారు దిగే మెట్ల దగ్గర నిలబడతాను. నిలబడిన చోటనే చిత్తగించవలెను, చిత్తగించి నా చేతికే తిరిగి ఇవ్వవలెను.

జతపరచినవి: ఏమియు లేవు.

తమ విధేయుడు,
గేటు ఎదుట ఫోన్లు బాగుచేయువాడు

తా.క. పొద్దున తొమ్మిది నుంచి మెట్ల దగ్గరే ఉన్నాను. తమరు ఇవాళ పర్యటనలో ఉన్నారని కాపలాదారు చెప్పాడు. టపా గుమస్తా గారు కిటికీలోంచి నన్ను చూసి, "నీ రెండో పుట ఎక్కించేశామయ్యా. ఇక పూర్తయింది, నిశ్చింతగా పో" అన్నారు. ఫోన్లో తీసి చూశాను. ఉంది. తాళం గుర్తు కూడా ఉంది.

అందుచేత ఇక దాచేదేమీ లేదు గనుక ఈ కాగితం టపాలోనే ఇస్తున్నాను. పైన అడిగిన రెండు కోరికలూ కొట్టివేశాను. వాటికి బదులు ఒకటి. ఇంకా ఆరు సూదులు మిగిలాయి. ఎక్కడైనా సరే, అవి ఇప్పించండి. మా బావ పేరు ఆసుపత్రి వాళ్లకు తెలుసు. ఇక్కడ రాయను.